ఒక సతోషి ఎక్కడ పోయింది: జూన్ నెల బగ్‌ల లాగ్

ముందు కొత్తవాళ్లకి రెండు మాటలు. నేను సెలవు రోజుల్లో చూసుకునే ప్రాజెక్టు చిన్నది. పైథాన్‌లో నాలుగు వేల లైన్లు ఉంటుంది, కోడ్ అందరికీ ఓపెన్. పక్కన నడుస్తున్న బిట్‌కాయిన్ కోర్ నోడ్‌ని (బిట్‌కాయిన్ నెట్‌వర్క్‌కి కలిసి, లావాదేవీల రికార్డు దాచుకునే ప్రోగ్రామ్) అడిగి మన బిట్‌కాయిన్ లావాదేవీల లెక్క చూపిస్తుంది, అంతే. ప్రైవేట్ కీ (నాణేలు ఖర్చుపెట్టే రహస్య తాళం) అడగదు, డబ్బు పంపడం దానికి చేతకాదు. అందుకే రాత్రిళ్లు నిద్ర పడుతోంది. నెల మొదట్లో పదకొండు ఇష్యూలు (వాడేవాళ్లు రాసిన ఫిర్యాదులు) పెండింగ్‌లో ఉన్నాయి. కొత్త ఫీచర్ ఒక్కటీ ముట్టుకోకుండా నెలంతా బగ్‌లే చూద్దామని కూర్చున్నాను.

జూన్ 7, శనివారం

అన్నిటికంటే చిన్నగా కనిపించినది ముందు తీశాను. "మీ టూల్ చూపించే మొత్తం, నోడ్ చూపించే బ్యాలెన్స్ కంటే ఒక్క సతోషి తక్కువ" అని ఒకాయన రాశారు. ఒక బిట్‌కాయిన్‌లో పది కోట్ల సతోషిలు ఉంటాయి. అందులో ఒకటి పోతే రూపాయి కూడా పోయినట్టు కాదు. నిజం చెప్పాలంటే, రెండు నెలలు పక్కన పెట్టేశాను. కానీ లెక్కలు చూపించే సాఫ్ట్‌వేర్‌లో ఒకటి తప్పిందంటే మిగతావి సరైనవని ఎలా నమ్మడం?

ఆయన లావాదేవీల్లో 0.29 బిట్‌కాయిన్ ఒకటుంది. నోడ్ మొత్తాలను దశాంశ సంఖ్యలుగా జేసన్‌లో (ప్రోగ్రాములు డేటా పంపుకునే టెక్స్ట్ పద్ధతి) పంపుతుంది. నేను దాన్ని ఫ్లోట్‌గా (దశాంశాన్ని దగ్గర విలువగా దాచే సంఖ్య) చదివి, పది కోట్లతో గుణించి, ఇంటిజర్‌గా మారుస్తున్నాను. పైథాన్ తెరిచి అదే లెక్క కొట్టాను. 28999999.999999996 అని వచ్చింది. ఇంటిజర్ చేస్తే చుక్క తర్వాతదంతా కోసేస్తుంది, మిగిలేది 28999999. పోయిన సతోషి అక్కడ దొరికింది. 0.28కి ఏమీ కాదు. 0.57, 0.58 మళ్లీ పోతాయి. నా పాత టెస్టుల్లో ఉన్నవన్నీ 0.5, 1, 2.25 లాంటి మర్యాదస్తుల అంకెలు. అవి ఎప్పుడూ పట్టుబడవు.

సరిచేసింది ఒక్క లైను. జేసన్ చదివేటప్పుడే ఫ్లోట్‌కి బదులు డెసిమల్ (దశాంశాన్ని ఉన్నదున్నట్టు దాచేది) తీసుకోమని చెప్పడం. బిట్‌కాయిన్ కోర్ వాళ్ల సొంత పైథాన్ టెస్టుల్లోనూ ఇలాగే చదువుతారు, నేనే ఆలస్యంగా చూశాను. అసలు పని తర్వాత మొదలైంది. తప్పు అంకెలు ఇప్పటికే అందరి ఎస్‌క్యూలైట్ (చిన్న డేటాబేస్) ఫైళ్లలో కూర్చున్నాయి. ఆ ఫైలు కేవలం క్యాష్, అంటే నోడ్ నుంచి తెచ్చుకున్న నకలు, కాబట్టి బతికిపోయాను. వెర్షన్ నంబర్ మార్చి, పాతది కనిపిస్తే చెరిపేసి నోడ్ దగ్గర మళ్లీ తెచ్చుకోమన్నాను. లావాదేవీలన్నీ నోడ్ వాలెట్‌లోనే ఉంటాయి కనుక రీస్కాన్ (బ్లాకులన్నీ మళ్లీ వెతకడం) కూడా అక్కర్లేదు.

జూన్ 14, 15

ఈ రెండు రోజులూ ఒకే బగ్. చైన్ (లావాదేవీల కట్టలైన బ్లాకుల వరస) చివర ఒక బ్లాక్ రద్దయి దాని చోట ఇంకోటి వస్తే, నా టూల్ పాత బ్లాక్‌నే పట్టుకుని "ఒక కన్ఫర్మేషన్ వచ్చింది" (లావాదేవీ బ్లాక్‌లోకి ఎక్కింది) అని చూపిస్తూనే ఉంటుంది. అసలు నెట్‌వర్క్‌లో ఇది అరుదు, దాని కోసం కాపు కాయలేం. రెగ్‌టెస్ట్‌లో (పరీక్షల కోసం సొంతంగా నడుపుకునే ఉత్తుత్తి బిట్‌కాయిన్ నెట్‌వర్క్) అయితే మన ఇంట్లోనే, ఇంటర్నెట్ కూడా లేకుండా, ఎన్నిసార్లయినా రప్పించొచ్చు.

చేసే పద్ధతి రాస్తున్నాను, ఎవరికైనా పనికొస్తుంది. రెగ్‌టెస్ట్‌లో ముందు 101 బ్లాకులు తవ్వాలి, అంటే మైనింగ్‌తో తయారుచేయాలి. మైనింగ్‌లో వచ్చిన నాణేలు వంద బ్లాకులు దాటితే గానీ ఖర్చుపెట్టలేం. తర్వాత ఒక లావాదేవీ పంపి, ఇంకో బ్లాక్ తవ్వి, టూల్ ఒక కన్ఫర్మేషన్ చూపిస్తోందో లేదో చూడాలి. ఇప్పుడు ఇన్‌వాలిడేట్‌బ్లాక్ కమాండ్‌తో ఆ చివరి బ్లాక్‌ని రద్దు చేయాలి. నేను తడబడింది ఇక్కడే. మామూలుగా ఇంకో బ్లాక్ తవ్వితే, మెంపూల్‌లోకి (బ్లాక్ కోసం ఎదురుచూసే లావాదేవీల గుంపు) తిరిగొచ్చిన లావాదేవీ మళ్లీ అందులోనే ఎక్కేస్తుంది, బగ్ కనిపించదు. శనివారం సాయంత్రమంతా "బాగానే ఉందే" అనుకుంటూ కూర్చున్నాను. జనరేట్‌బ్లాక్ కమాండ్‌కి లావాదేవీల జాబితా ఖాళీగా ఇచ్చి, కావాలని ఖాళీ బ్లాక్ తవ్వించాక గానీ బగ్ బయటపడలేదు.

కారణం చూస్తే సిగ్గేసింది. బ్లాక్ ఎత్తు (వరస సంఖ్య) ఒక్కటే దాచుకుంటున్నాను, హ్యాష్ (ఆ బ్లాక్‌కి మాత్రమే ఉండే గుర్తు) దాచుకోవట్లేదు. ఎత్తు 102లో ఏదో ఒక బ్లాక్ ఉంటే చాలు, నా టూల్‌కి అది పాతదే. ఇప్పుడు రెండూ దాస్తున్నాను. ప్రతిసారీ నోడ్‌ని అదే ఎత్తులో హ్యాష్ ఎంత అని అడిగి, కలవకపోతే ఒక్కొక్క మెట్టూ వెనక్కి దిగి, కలిసిన చోటి నుంచి మళ్లీ చదువుతుంది.

టెస్టు పొడుగు పెంచి రెండు వందల బ్లాకులు చేశాక, ఇంకో టెస్టు ఊరికే విరిగింది. ప్రతి బ్లాక్‌కీ 50 నాణేలు వస్తాయని రాసుకున్నాను. అసలు నెట్‌వర్క్‌లో ఆ బహుమతి 2,10,000 బ్లాకులకోసారి సగమవుతుంది, రెగ్‌టెస్ట్‌లో మాత్రం 150కే. గంట పోయింది. ఆ గంటలోనే మా బావమరిది ఫోన్ చేశాడు. "బావా, బిట్‌కాయిన్ మీద ఏదో చేస్తున్నావంటగా, ఇప్పుడు కొనమంటావా?" నా దగ్గరున్నవన్నీ రెగ్‌టెస్ట్ నాణేలేనని, కావాలంటే ఓ వెయ్యి ఇస్తానని చెప్పాను. నమ్మలేదు.

జూన్ 21, శనివారం

ఇది మన దేశం బగ్. 2022 ఏప్రిల్ 1 నుంచి క్రిప్టో లాభాల మీద 30 శాతం పన్ను ఉంది కదా, అందుకని ఆర్థిక సంవత్సరం వారీగా సీఎస్‌వీ (పట్టికగా తెరుచుకునే) ఫైలు ఇచ్చే ఏర్పాటు పెట్టాను. గుంటూరు నుంచి ఒకాయన, అర్ధరాత్రి దాటాక ఏప్రిల్ 1న వచ్చిన నాణేలు మార్చి లెక్కలో పడ్డాయని రాశారు. బ్లాక్ మీద ఉండేది యూటీసీ (ప్రపంచ ప్రామాణిక) సమయం. అక్కడ మార్చి 31 రాత్రి 7:10 అంటే మనకి ఏప్రిల్ 1, 12:40. నేను సంవత్సరం విడగొట్టాక ఐదున్నర గంటలు కలుపుతున్నాను. ముందు కలిపి తర్వాత విడగొట్టాలి. రెండు లైన్లు అటుదిటు చేశాను.

టెస్టు రాయడమే ఏడిపించింది. సెట్‌మాక్‌టైమ్ కమాండ్‌తో నోడ్ గడియారాన్ని మార్చి 31కి తిప్పాను. వెంటనే "టైమ్ టూ న్యూ" అని బ్లాక్ తవ్వనంది. పాత తేదీ పెడితే కొత్తదంటుందేమిటి? తర్వాత వెలిగింది. ముందు తవ్విన 101 బ్లాకులకీ జూన్ తేదీలున్నాయి. కొత్త బ్లాక్ సమయం, వెనకటి పదకొండు బ్లాకుల మధ్యస్థ సమయం కంటే ఎక్కువ ఉండాలి, కాబట్టి అదీ జూన్‌దే అవుతుంది. అదే సమయం నోడ్ గడియారం కంటే రెండు గంటలకు మించి ముందుకు పోకూడదు. గడియారమేమో మార్చిలో ఉంది. మొదటి బ్లాక్ తవ్వకముందే గడియారం తిప్పితే సరిపోయింది.

ఆ నిబంధన చదువుతుంటే ఇంకో సంగతి తట్టింది. బ్లాక్ సమయం నిమిషాల్లెక్కన నమ్మదగ్గది కాదు, ముందు బ్లాక్ కంటే వెనక్కి కూడా పోవచ్చు. అందుకని ఇప్పుడు బ్లాక్ సమయం, నోడ్‌కి లావాదేవీ మొదట కనిపించిన సమయం, రెండూ పక్కపక్కన కాలమ్‌లుగా ఇస్తున్నాను. సరిహద్దులో పడినవాటిని ఏ సంవత్సరంలో వేసుకోవాలో వాళ్ల సీఏ చూసుకోవాలి. అది నా టూల్ తేల్చకూడదు.

జూన్ 28, 29

శనివారం కోడ్ శుభ్రం చేద్దామని కూర్చుని, ఒకే లావాదేవీ రెండుసార్లు రాకుండా చూసే తనిఖీ రెండు చోట్ల ఉండటం చూశాను. రెండోది దండగ అని తీసేశాను. టెస్టులన్నీ పచ్చగానే ఉన్నాయి. అన్నం తింటుంటే 2018 సంగతి గుర్తొచ్చి ముద్ద దిగలేదు. బిట్‌కాయిన్ కోర్‌లో ఒకే నాణేన్ని ఒకే లావాదేవీలో రెండుసార్లు ఖర్చుపెట్టారా అని చూసే తనిఖీని, ఇంకో చోట ఎలాగూ చూస్తున్నాం కదా అని, బ్లాకులు పరీక్షించేటప్పుడు వదిలేశారు. అది 2017లో 0.14 వెర్షన్‌తో బయటికొచ్చింది. తర్వాతి వెర్షన్లలో దాంతో లేని నాణేలు సృష్టించే వీలుండేది. 2018 సెప్టెంబర్‌లో బయటపడితే హడావుడిగా 0.16.3 విడుదల చేశారు. బిట్‌కాయిన్ నెట్‌వర్క్‌లో దాన్నెవరూ వాడుకోకముందే పట్టుకున్నారు. అంతమంది కళ్ల ముందే అది జరిగితే, నా కోడ్ చూసేది నేనొక్కడినే.

ఆదివారం పొద్దున, ఆ రెండో తనిఖీ నేనే ఎందుకు పెట్టానా అని పాత కమిట్‌లు (కోడ్ మార్పుల రికార్డులు) తిరగేశాను. మెసేజ్‌లో "ఫిక్స్" అని ఒక్క మాట. మూడేళ్ల కిందటి నన్ను ఏమనాలి? చివరికి ఆలోచిస్తే దొరికింది. నోడ్‌ని లావాదేవీలు వందేసి పేజీలుగా అడుగుతాను, కొత్తవి ముందు. మొదటి పేజీ తీసుకుని రెండోది అడిగేలోపు కొత్త లావాదేవీ వస్తే జాబితా ఒక మెట్టు జరుగుతుంది, మొదటి పేజీలో చివరిది రెండో పేజీలో మళ్లీ వస్తుంది. మొదటి తనిఖీ ఒక పేజీ లోపలే చూస్తుంది, రెండోది పేజీల మధ్య. రెండు పేజీల నడుమ కావాలని లావాదేవీ పంపే టెస్టు రాశాను. తనిఖీ లేకుండా ఎర్రబడింది, తిరిగి పెడితే పచ్చబడింది. పైన నాలుగు లైన్ల కామెంట్ కూడా రాశాను, ఈసారి "ఫిక్స్" అని కాదు.

మధ్యాహ్నం రిలీజ్ చేశాను. పదకొండులో నాలుగు మూశాను. ఒకటి బగ్ కాదు, గ్యాప్ లిమిట్. ఇరవై అడ్రసులు వరసగా ఖాళీగా ఉంటే ఆపై టూల్ వెతకడం ఆపేస్తుంది, ఆ ఇష్యూ రాసినాయనేమో వాడకుండా ముప్పై దాటించి అడ్రసు తీసుకున్నారు. సెట్టింగ్ ఎక్కడుందో చెప్పాను. మిగతావి జూలైలో.

సతోషి పోయిందన్న ఆయన రాత్రికే కొత్త వెర్షన్ పెట్టుకున్నారు. బ్యాలెన్స్ సరిపోయిందట. అయితే కొత్త తేదీ కాలమ్ వల్ల ప్రింట్ తీస్తే కాగితం దాటిపోతోందని ఇంకో ఇష్యూ తెరిచారు.