రెండుసార్లు కలిపిన 8

ఈవ్ ఆన్‌లైన్ అనే అంతరిక్ష ఆటలో స్కిల్ ట్రైనింగ్ (మన క్యారెక్టర్ నైపుణ్యాలు నేర్చుకోవడం) మనం ఆడినా ఆడకపోయినా గడియారంతో పాటు నడుస్తూనే ఉంటుంది. కానీ ఒకప్పుడు, నేర్చుకోవాల్సిన స్కిల్స్‌ని వరసగా పెట్టే క్యూకి 24 గంటల గీత ఉండేది. ఆ లోపు మొదలయ్యే స్కిల్‌నే వరసలో పెట్టనిచ్చేది. పెట్టడం మర్చిపోయామా, క్యూ ఖాళీ, ట్రైనింగ్ బంద్. మా కార్పొరేషన్‌లో (ఆ ఆటలో జట్టుని అలాగే అంటారు) వారానికొకరైనా ఈ విషయంలో లబోదిబోమనేవారు. అందుకే క్యూ అయిపోవస్తోందంటే మెయిల్ పంపే చిన్న స్క్రిప్ట్ ఒకటి రాసుకున్నాను. నా ఒక్కడికోసం రాసింది, నెల తిరిగేసరికి పదిమంది వాడుతున్నారు.

బయటి టూల్స్‌కి ఆట వివరాలు అందేది ఎక్స్‌ఎంఎల్ ఏపీఐ అనే దారిలో. అది తెరుచుకోవాలంటే ఆటగాడు తన కీ ఇవ్వాలి. పదిమంది అనేసరికి వాళ్ల తాళాల బాధ్యత నా నెత్తిన పడింది. పాత పద్ధతిలో ఉన్నవి రెండే కీలు: లిమిటెడ్, ఫుల్. నాకు లిమిటెడ్ చాలు. అయినా జనం ఫుల్ కీయే తెచ్చి పెట్టేవారు. గూఢచారుల బెడద అంతా ఇంతా కాని ఆట కదా, కొత్తగా చేరేవాళ్లని ఫుల్ కీ ఇమ్మని అడగడం కార్పొరేషన్లకి మామూలే. అలా ఇచ్చి ఇచ్చి అలవాటైపోయింది. ఫుల్ కీతో ఆటలోని మెయిల్స్, వాలెట్, ఆస్తులు అన్నీ కనిపించేవి. ఎవరిమీదైనా అనుమానమొచ్చి కీ మార్చుకుంటే, దాన్ని వాడే టూల్స్ అన్నీ ఒకేసారి ఆగిపోయేవి. దాంతో ఎవరూ మార్చేవారు కాదు.

2011లో కస్టమైజబుల్ కీలు వచ్చాయి. ఒక్కో టూల్‌కి ఒక్కో కీ. ప్రతి కీకి ఒక నంబరు, 64 అక్షరాల దాకా ఉండే వెరిఫికేషన్ కోడ్, కావాలంటే గడువు తేదీ. ఏ క్యారెక్టర్ వివరాలు ఇవ్వాలో, అందులో ఏవేవి ఇవ్వాలో టిక్ పెట్టుకోవడమే. ఆ టిక్కులన్నీ కలిసి ఒకే ఒక్క సంఖ్య అవుతాయి. దాని పేరు యాక్సెస్ మాస్క్. ఒక్కో అనుమతికి 2 ఘాతాల్లో ఒక విలువ: వాలెట్ బ్యాలెన్స్ 1, ఆస్తుల జాబితా 2, క్యారెక్టర్ షీట్ 8, కాంటాక్ట్ లిస్ట్ 16... అలా పైకి వెళ్తే ఇప్పుడు నడుస్తున్న స్కిల్‌కి 131072, స్కిల్ క్యూకి 262144. డెవలపర్‌కి ఇంకో సౌకర్యం కూడా ఇచ్చారు. మనకి కావలసిన మాస్క్‌ని లింకులో పెట్టి పంపితే, అవతలివాళ్లకి ఆ టిక్కులు ముందే పెట్టి ఉన్న పేజీ తెరుచుకుంటుంది. ఒక్కొక్కరికీ ఏది టిక్ పెట్టాలో వివరించే పని తప్పింది.

లింకు తయారుచేసి అందరికీ పంపాను. ఆ రోజు సాయంత్రం నుంచే ఎర్రర్లు. 221 నంబరు: ఈ కీకి ఈ పేజీ చూసే అనుమతి లేదని దాని సారాంశం. క్యూ వస్తోంది, నడుస్తున్న స్కిల్ వస్తోంది, క్యారెక్టర్ షీట్ దగ్గర మాత్రం తలుపు వేసేస్తోంది. నా సొంత కీతో చూస్తే అంతా శుభ్రంగా నడుస్తోంది. సర్వర్ వైపే ఏదో తేడా ఉందనుకుని రెండు రాత్రులు దాన్నే తిట్టుకున్నాను. మూడో రోజు ఒక మిత్రుడు మెసేజ్ పెట్టాడు: "బ్రో, స్కిల్ క్యూ చూసే టూల్‌కి నా కాంటాక్ట్స్ దేనికి?"

కాంటాక్ట్స్ నేనెక్కడ అడిగాను? లింకులో ఉన్న సంఖ్య చూశాను: 393232. కాగితం తీసి చేత్తో కూడితే 393224 వచ్చింది. ఎనిమిది తేడా. అప్పుడు వెలిగింది. నా స్క్రిప్ట్‌లో భాగాలు రెండు. మొదటిదానికి క్యూ, క్యారెక్టర్ షీట్ కావాలి. రెండోదానికి నడుస్తున్న స్కిల్, మళ్లీ క్యారెక్టర్ షీట్. నేను ఆ రెంటి విలువల్నీ మామూలు కూడికతో కలిపేశాను. ఎనిమిదీ ఎనిమిదీ పదహారు. అంటే అడగాల్సిన క్యారెక్టర్ షీట్ ఎగిరిపోయి, అడగకూడని కాంటాక్ట్ లిస్ట్ వచ్చి కూర్చుంది. ప్లస్ గుర్తు పెట్టాల్సిన చోటు కాదది, బిట్‌వైజ్ ఆర్ (ఒకే అనుమతి రెండుసార్లు వచ్చినా ఒక్కసారే లెక్కేసేది) పెట్టాల్సిన చోటు. మరి నా కీతో ఎందుకు నడిచిందంటే, సొంత కీయే కదా అని అన్నిటికీ టిక్ పెట్టేసుకున్నాను. సొంత టూల్‌ని సొంత ఫుల్ కీతో పరీక్షించడం ఎంత దండగో ఆ రోజు తెలిసింది.

లింకు మార్చి, కీ పెట్టగానే దాని మాస్క్ సరిచూసే నాలుగు లైన్లు రాశాను. అక్కడా ఒక తప్పు. మాస్క్ 393224కి సరిగ్గా సమానమా అని చూశాను. అదనంగా వాలెట్‌కి కూడా టిక్ పెట్టి తెచ్చిన ఒకతన్ని "అనుమతులు చాలవు" అని వెనక్కి పంపేసింది నా టూల్. ఎక్కువిచ్చినవాడికి తక్కువిచ్చావన్న జవాబు! చూడాల్సింది నాకు కావలసిన బిట్లు, అంటే అనుమతులు, అందులో ఉన్నాయా లేదా అని మాత్రమే. అది సరిచేశాక ఇంకో మాట చేర్చాను: "మీరు అవసరానికి మించి ఇచ్చారు, వీలైతే తగ్గించండి." చాలామంది తగ్గించారు కూడా.

అసలు సిగ్గుపడాల్సిన సంగతి వేరే ఉంది. కీ నంబరు, కోడ్ రెండూ వెబ్ చిరునామాలోనే పెట్టి పంపేవాణ్ణి. చిరునామాలో కనపడకుండా పోస్ట్ పద్ధతిలో పంపే వీలున్నా బద్ధకించాను. ఒకసారి ఏదో ఎర్రర్ అర్థంకాక నా టూల్ అడిగిన చిరునామాలన్నీ నమోదయ్యే లాగ్ ఫైల్‌ని తెలిసినవాడికి పంపాను. పంపాక తెరిచి చూస్తే లైను లైనుకీ నా మిత్రుల కీలు, కోడ్‌తో సహా. ఒక్కొక్కరికీ విషయం చెప్పి, ఆ కీ తీసేసి కొత్తది చేసుకోమన్నాను. పాత పద్ధతిలో అయితే ఆ రాత్రి వాళ్ల టూల్స్ అన్నీ ఆగిపోయి నన్ను కార్పొరేషన్ నుంచి గెంటేసేవారేమో. ఇప్పుడు ఆగింది నా టూల్ ఒక్కటే. తిట్టారు, కానీ పది నిమిషాల్లో కొత్త కీలు తెచ్చిచ్చారు.

2014లో క్యూకున్న 24 గంటల గీత పోయింది. నా స్క్రిప్ట్ అవసరం సగం తీరిపోయినా అలవాటుకొద్దీ నడిపాను. 2018 మే 8న ఆ ఎక్స్‌ఎంఎల్ ఏపీఐనే మూసేశారు. దాని స్థానంలో ఈఎస్‌ఐ అనే కొత్త ఏపీఐ. అందులో కీ కాపీ చేసి ఇచ్చే పనే లేదు. ఆట లాగిన్ పేజీకి వెళ్లి ఒప్పుకుంటే చాలు, టోకెన్ (తాత్కాలిక అనుమతి కోడ్) మన టూల్‌కొస్తుంది. అది 20 నిమిషాలే పనిచేస్తుందన్న సంగతి చదివి కూడా పట్టించుకోలేదు. మొదటి రోజు నా టూల్ సరిగ్గా 20 నిమిషాలు నడిచి మూగబోయింది. రిఫ్రెష్ టోకెన్ దాచుకుని, దాంతో ఎప్పటికప్పుడు కొత్తది తెచ్చుకునేలా రాశాక కుదుటపడింది.

ఇప్పుడు అనుమతుల పేర్లు మాటల్లోనే ఉంటాయి: స్కిల్స్ చదవడం, స్కిల్ క్యూ చదవడం. ఒప్పుకునే ముందు అవి తెరమీద కనిపిస్తాయి. కాంటాక్ట్స్ గురించి అడిగిన మిత్రుడే ముందుగా లాగిన్ అయ్యాడు. "ఈసారి లెక్క సరిగ్గానే చేసినట్టున్నావ్ బ్రో" అని మెసేజ్ పెట్టాడు. ఇప్పుడు అసలు లెక్కే లేదని నేను చెప్పలేదు.