అరగంట ఆగాల్సిన మాత్ర

2024 పెరటాసి మాసం (సెప్టెంబరు-అక్టోబరు) మూడో శనివారం. మా ఇంట్లో ఆ నెల శనివారాలన్నీ ఒక్కపొద్దే. తెల్లవారుజామునే తలకు పోసుకుని, వంట చేసి, చలిమిడి దీపం వెలిగించి తలిగ (నైవేద్యం) వేసి, గోవిందా అని అందరూ గొంతెత్తాకే ఏదైనా నోట్లో పెట్టుకునేది. ఆ రోజు నేను అక్కడిదాకా రాలేకపోయాను. వడలకు పిండి రుబ్బుతుంటే కడుపులో తిప్పడం మొదలైంది. రెండుసార్లు వాంతి అయింది. ఒక్కపొద్దు కదా, పైత్యం చేసి ఉంటుందిలే అనుకున్నాను. పది గంటలప్పటికి చేతులు వణకసాగాయి. చీర వీపుకు అతుక్కునేంత చెమటలు పట్టాయి. మా ఆయన గ్లూకోమీటరు తెచ్చి వేలు గుచ్చితే షుగరు 56కి పడిపోయి ఉంది. చక్కెర నీళ్లు కలిపి తాగించారు. గుటక దిగిన మరుక్షణమే అవీ వాంతి అయిపోయాయి. ఆటో పిలిచి ఆస్పత్రికి తీసుకెళ్లారు. దీపం కొండెక్కేవేళకు నేను డ్రిప్పు కింద ఉన్నాను.

అక్కడిదాకా ఎలా వచ్చానో చెబుతాను. సెమాగ్లూటైడ్ అనే ఈ షుగరు మాత్ర వేసుకునేవాళ్లు ఇప్పుడు మా చుట్టుపక్కలే చాలామంది కనిపిస్తున్నారు. వాళ్లలో ఒక్కరికైనా ఇది పనికొస్తే చాలు.

నాకు 46 ఏళ్లు. తిరుపతిలో బైరాగిపట్టెడలో ఉంటాం. ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాను. షుగరు వచ్చి ఏడేళ్లు, థైరాయిడ్ అంతకుముందు నుంచే ఉంది. 2024 జూన్‌లో నా బరువు 88 కిలోలు, మూడు నెలల సగటు షుగరు (హెచ్‌బీఏ1సీ) 8.4. మోకాళ్లు మొరాయించి అలిపిరి మెట్లు ఎక్కడం మానేసి నాలుగేళ్లయింది. మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ వాడుతున్నా షుగరు దిగడం లేదని డాక్టరమ్మ జూలైలో సెమాగ్లూటైడ్ మాత్ర రాశారు. మన దేశంలో ఇది రైబెల్సస్ పేరుతో 2022 జనవరిలో షుగరు మందుగా వచ్చింది. షుగరుతో పాటు బరువు కూడా తగ్గుతుందన్నారు. నా చెవికి ఆ రెండో మాటే బాగా వినపడింది.

మొదటి నెల 3 మిల్లీగ్రాములు, తర్వాత 7 అని రాసిచ్చారు. "పరగడుపున వేసుకోవాలమ్మా, అరగంట ఏమీ తీసుకోకూడదు, నీళ్లు కొంచెమే" అని చెప్పారు కూడా. ఆ రోజు బయట ముప్పై మంది కూర్చుని ఉన్నారు. నేను 'పరగడుపున' అన్న ఒక్క మాట పట్టుకుని వచ్చేశాను. చాలా ఏళ్లుగా థైరాయిడ్ మాత్ర పరగడుపునే వేసుకుంటున్నాను. ఇదీ దాని పక్కన ఇంకొకటి అనుకున్నాను. లేవగానే రాగిచెంబు నిండా నీళ్లు తాగే అలవాటు నాది. ఆ నీళ్లతోనే రెండు మాత్రలూ ఒకేసారి మింగేదాన్ని. పది నిమిషాలకు కాఫీ. డికాక్షన్ దిగిన వాసన ముక్కుకు తగిలాక ఆగడం నా వల్ల ఎప్పుడూ కాలేదు.

జూలై అయిపోయింది, ఆగస్టులో 7కి మారాను. సెప్టెంబరు చివరికి తూకం వేస్తే 87.5. షుగరూ అంతంతమాత్రమే. షీటుకు పది మాత్రలు, ఒక్కో షీటు ధర చూస్తే గుండె గుభేలుమనేది. పక్కింటి అక్క కూడా ఇదే మాత్ర వాడుతోంది. "నాకూ 7తో ఏం కాలేదే, రెండేసి వేసుకో, 14 అవుతుంది, ఎట్లాగూ డాక్టరు తర్వాత రాసేది అదే" అంది. మళ్లీ చూపించుకోవడానికి వెళ్లాల్సిన తేదీ దాటి పది రోజులైంది. స్కూల్లో క్వార్టర్లీ పరీక్షల పేపర్లు దిద్దే పని, ఇంట్లో పెరటాసి పని. వెళ్లలేదు.

అదే వారం మా అన్న కూతురు శనివారం తలిగ కోసమని ముందే వచ్చింది. నర్సింగ్ మూడో ఏడు చదువుతోంది. గురువారం పొద్దున నేను చెంబెత్తి మాత్ర మింగడం చూసి, "అత్తా, దీనికి అన్ని నీళ్లు తాగకూడదు. థైరాయిడ్ మాత్ర దాంతో కలిపి వేసుకోకూడదు. కాఫీ అరగంట తర్వాతే" అంది. శుక్రవారం నుంచి అది చెప్పినట్టే చేశాను. అయితే అదే శుక్రవారం నుంచి అక్క చెప్పినట్టు రెండేసి మాత్రలు కూడా మొదలుపెట్టాను. ఆ సంగతి పిల్లకు చెప్పలేదు. శనివారం తెల్లవారుజామున రెండు సెమాగ్లూటైడ్, కాసేపాగి గ్లిమిపిరైడ్. ఆపైన ఖాళీ కడుపు.

నన్ను పడగొట్టింది రెండు మాత్రలే అని మొదట అనుకున్నాను. డాక్టరమ్మ చెప్పింది వింటే అసలు సంగతి వేరు.

ఆదివారం సాయంత్రం ఆమె రౌండ్స్‌కు వచ్చారు. మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుని, రోజూ మాత్ర ఎలా వేసుకుంటున్నానో మొదటి నుంచి చెప్పమన్నారు. చెంబు గురించి, కాఫీ గురించి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నారు: "అంటే మూడు నెలలుగా మీరు మాత్ర మింగారు గానీ, మందు వేసుకోలేదమ్మా."

కేస్ షీటు వెనక పెన్నుతో కడుపు బొమ్మ గీసి చూపించారు. సెమాగ్లూటైడ్ ఇన్సులిన్ లాంటి జాతిది, ప్రొటీన్ ముక్క. మామూలుగా అయితే పప్పును అరిగించినట్టే కడుపు దాన్నీ అరిగించేస్తుంది. అందుకే ముందు ఇంజెక్షన్‌గానే వచ్చింది. మాత్రగా చేయడానికి దాంతోపాటు స్నాక్ (SNAC) అనే ఒక పదార్థం 300 మిల్లీగ్రాములు కలిపారు. మాత్ర కరిగిన చోట కడుపులోని పులుపును అది కాసేపు తగ్గిస్తుంది, ఆ సందులో మందు కడుపు గోడ గుండా రక్తంలోకి వెళ్లాలి. చాలా మాత్రల్లా పేగుల్లో కాదు, కడుపులోనే. ఇంత చేసినా నూటికి ఒక పాలు మాత్రమే లోపలికి చేరుతుంది. చెంబెడు నీళ్లు పోస్తే ఆ స్నాక్ పలచబడిపోతుంది. తిండి గానీ కాఫీ గానీ తగిలితే ఆ ఒక్క పాలు కూడా దక్కదు. నీళ్లు 120 మిల్లీలీటర్లు దాటకూడదు, అవీ ఉత్త నీళ్లే. మాత్రను విరవకూడదు, నమలకూడదు. తేమ తగలకుండా వేసుకునే క్షణం దాకా షీటులోనే ఉంచాలి. నేనేమో వారానికి సరిపడా మాత్రలు విప్పి ప్లాస్టిక్ డబ్బాలో పోసుకునేదాన్ని.

అప్పుడు లెక్క అర్థమైంది. కాగితం మీద నేను 7లో ఉన్నాను, ఒంటికి మాత్రం ఆ మందు సరిగా పరిచయమే కాలేదు. శుక్రవారం పద్ధతి మార్చిన రోజే నాకు అసలు మొదటి డోసు. ఒక్క 7తోనే ఇబ్బంది పడేదాన్నేమో, ఏకంగా రెండు 7లు పడ్డాయి. పద్ధతి సరిచేసుకుంటే డోసు పెంచినట్టే అవుతుందని నాకెలా తెలుస్తుంది? డాక్టరుకు ఫోన్ చేసి ఉంటే తెలిసేది.

మెట్లు మెట్లుగా ఎందుకు పెంచుతారో కూడా ఆ రోజే విన్నాను. ఈ మందు ఒంట్లో సగానికి తగ్గడానికే దాదాపు వారం పడుతుంది. రోజూ వేసుకుంటూ పోతే ఒంట్లో దాని మట్టం నిలకడకు రావడానికి నాలుగైదు వారాలు. అందుకే ఒక్కో మెట్టు మీద కనీసం 30 రోజులు. మొదటి 3 మిల్లీగ్రాములు షుగరు తగ్గించడానికి రాసేది కాదు, కడుపును అలవాటు చేయడానికి. 'మొదటి నెల ఏం కాలేదు' అని నేను దిగులుపడిందంతా అనవసరమే. ఇక రెండు 7లు కలిపి 14 చేసుకోవడం అసలు పద్ధతే కాదట. ప్రతి మాత్రలోనూ స్నాక్ ఉంటుంది కాబట్టి ఒకటికొకటి కూడిక కుదరదు. లెక్కల టీచరుగా నాకు 7, 7 కలిపితే 14 అన్నదాంట్లో అనుమానమే రాలేదు.

సగానికి తగ్గడానికే వారం అన్న మాటకు అర్థం ఇంటికొచ్చాక తెలిసింది. మాత్ర ఆపేసినా వికారం ఐదారు రోజులు వదల్లేదు. పోపు వాసన పడేది కాదు. అమ్మ రాగి జావ మజ్జిగలో పలచగా కలిపి, గంటకు నాలుగు గుటకలు తాగించేది. నీళ్లు తగ్గి కిడ్నీల మీద ఒత్తిడి పడిందేమోనని క్రియాటినిన్ రెండుసార్లు చూశారు, నిలకడగానే ఉంది. నిజంగా భయపడింది అప్పుడే. బరువు కోసం వేసుకున్నది కిడ్నీల దాకా వచ్చిందే అని రాత్రుళ్లు ఏడ్చాను.

మూడు వారాలాగి మళ్లీ 3తో మొదలుపెట్టించారు. గ్లిమిపిరైడ్ ఆపేశారు. సెమాగ్లూటైడ్ ఒక్కటే ఉంటే షుగరు మరీ పడిపోవడం అరుదు, గ్లిమిపిరైడ్ గానీ ఇన్సులిన్ గానీ జతగా ఉన్నప్పుడే ఆ ప్రమాదం. అందులో ఒక్కపొద్దు ఉంటే చెప్పనక్కర్లేదు.

అన్నిటికంటే చిక్కు థైరాయిడ్ మాత్రతో వచ్చింది. దానికీ పరగడుపే కావాలి, దీనికీ పరగడుపే కావాలి. పైగా సెమాగ్లూటైడ్ మాత్ర వాడేవాళ్లలో థైరాయిడ్ మాత్రలోని మందు, థైరాక్సిన్, ఒంటికి పట్టడం మూడో వంతు దాకా పెరగొచ్చట. నా విషయంలో కాఫీ వల్ల అదీ సరిగా పట్టడం లేదు, థైరాయిడ్ రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ ఎక్కువగా, 7.8 ఉంది. డాక్టరమ్మ థైరాయిడ్ మాత్రను రాత్రికి మార్చారు, భోజనం అయిన మూడు గంటల తర్వాత. దానికోసం రాత్రి భోజనం ఏడింటికే ముగించడం నేర్చుకున్నాం. రెండు నెలలకు టీఎస్‌హెచ్ 3.1కి వచ్చింది. ఈ ఏర్పాటు నాకు కుదిరింది. ఇంకొకరికి వాళ్ల డాక్టరు వేరేలా చెప్పొచ్చు.

ఇప్పుడు నా పొద్దు ఇలా ఉంటుంది. ఐదింపావుకు లేస్తాను. మేనకోడలు దగ్గు మందు మూతతో కొలిచి ఒక చిన్న స్టీలు గ్లాసు లోపల ఎర్ర నెయిల్ పాలిష్‌తో గీత పెట్టి వెళ్లింది. పది మిల్లీలీటర్ల మూతతో పది మూతలు. ఆ గీత దాకా నీళ్లు పోసుకుని, అప్పుడే షీటులోంచి మాత్ర తీసి మింగుతాను. ఫోన్‌లో అరగంటకు అలారం పెడతాను. కూరగాయలు తరుగుతాను, పూలు కోస్తాను, ఉప్పు సరిపోయిందో లేదో మాత్రం మా ఆయనే చూస్తారు. కొండకు వెళ్లే జీపులు హారన్ కొట్టుకుంటూ పోతుంటాయి. ఐదూ నలభై ఐదుకు అలారం మోగాక డికాక్షన్‌లో పాలు పోస్తాను. అంతకుముందు ఐదున్నరకే కాఫీ తాగే మా ఆయన, ఆ అక్టోబరు నుంచి ఒక్కరోజు కూడా నాకంటే ముందు తాగలేదు. నేనేమీ అడగలేదు.

ఒకరోజు మరిచిపోతే ఆ రోజుకు వదిలేయడమే, మర్నాడు రెండు వేసుకోకూడదు. పెళ్లిళ్లప్పుడు నాకది రెండుసార్లు జరిగింది, ఏమీ కాలేదు.

తినేది దానంతటదే తగ్గింది. సంగటి ముద్ద సగానికి చేరింది, ఊరిబిండి పచ్చడి మాత్రం వదల్లేదు. బోండాలు, పూరీలు తిన్న రోజు సాయంత్రం దాకా గుండెల మీద బరువుగా ఉండేది, వాటికి దూరమయ్యాను. కండ కరగకుండా గుడ్డు, పెసలు, అలసందలు రోజూ ఏదో ఒకటి తినమన్నారు. కడుపు నొప్పి తీవ్రంగా వచ్చి వీపులోకి పాకితే మాత్ర ఆపి వెంటనే రమ్మన్నారు, అది క్లోమం వాపు కావచ్చట. ఇంట్లో ఎవరికైనా మెడ్యులరీ రకం థైరాయిడ్ క్యాన్సర్ ఉందా అని కూడా అడిగి రాసుకున్నారు. ఇంట్లో అది ఉన్నవాళ్లకు ఈ మందు ఇవ్వరు.

మా స్కూల్లో సోషల్ టీచరు బరువుకు ఆర్లిస్టాట్ అనే వేరే మాత్ర వాడుతుంది. దాని పద్ధతి దీనికి పూర్తిగా తిరగబడింది. 120 మిల్లీగ్రాములది రోజుకు మూడుసార్లు, తినేటప్పుడు గానీ తిన్న గంటలోపు గానీ. ఆ పూట తినకపోయినా, తిన్నదాంట్లో నూనె లేకపోయినా మాత్ర అక్కర్లేదు. దాంతోపాటు వాడే విటమిన్ మాత్ర పడుకునే ముందు. 'బరువు మాత్ర' అని అన్నిటినీ ఒక గాటన కట్టి ఒకరి టైముకు ఇంకొకరు వేసుకుంటే ఏమవుతుందో ఆలోచించండి. 2025 డిసెంబరులో అమెరికాలో బరువు కోసమే సెమాగ్లూటైడ్ మాత్రకు అనుమతి వచ్చింది. దాని మెట్లు 1.5, 4, 9, 25. నాది 3, 7, 14. మందు పేరు ఒకటే అయినా మెట్లు వేరు. అక్కడివాళ్లు 25 వేసుకుంటున్నారని విని ఇక్కడ షీటులోంచి మాత్రలు ఏరి కూడుకోవద్దు.

ఏడాది తిరిగేసరికి నా బరువు 79, సగటు షుగరు 6.7. నేను 7 మిల్లీగ్రాముల దగ్గరే ఉన్నాను. 14కి వెళదామా అని నేనే అడిగితే, ఇది పనిచేస్తుండగా ఎందుకమ్మా అన్నారు. 2025 పెరటాసికి నెల ముందే వెళ్లి ఒక్కపొద్దు గురించి అడిగి వచ్చాను. మాత్ర మామూలుగానే, మధ్యాహ్నం తలిగ అయ్యేదాకా ఆగకుండా మధ్యలో మజ్జిగ, షుగరు రెండుసార్లు చూసుకోవడం. నాలుగు శనివారాలూ గడిచాయి. చలిమిడి దీపం కొండెక్కేదాకా ఎదురుగా కూర్చున్నాను.

పోయిన వారం పక్కింటి అక్క వచ్చింది. ఆ అక్టోబరులో నేను ఆస్పత్రి పాలయ్యానని విని భయపడి ఆపేసిన మాత్ర మళ్లీ మొదలుపెట్టిందట. "నువ్వు ఒకటితోనే ఇంత తగ్గావు, నాకు అప్పట్లో రెండు వేసినా ఏం కాలేదు, నా ఒళ్లే అంతేమో" అని చేతిలోని షీటు చూపించింది. నేను ఆ షీటు తీసుకుని పక్కన పెట్టి, "అక్కా, ఇది వేసుకున్న ఎంతసేపటికి కాఫీ తాగుతావు?" అని అడిగాను.

"కాఫీతోనే కదా వేసుకునేది" అంది.