దర్వాజ మూలకు గీసిన గీత

"ఇది కట్టెనా, బెండా?"

పలుచటి బాల్సా చెక్కను రెండు వేళ్ల మధ్య పట్టుకుని మా నాయిన అడిగిన మొదటి మాట అది. యాభై ఏళ్లు టేకు, వేప, తుమ్మ కోసిన చెయ్యి ఆయనది. అంత తేలిక కట్టెను ఎన్నడూ పట్టి ఉండడు. పదేళ్ల మా అబ్బాయికి బెండు అంటే ఏమిటో తెలియదు. "రాకెట్ రెక్కలు, తాతా" అన్నాడు.

మేం డాలస్‌లో ఉంటాం. పోయిన జూన్‌లో నల్లగొండ పక్కన పానగల్లులో మా ఇంటికి వచ్చినప్పుడు వాడు బట్టల మధ్య ఒక మోడల్ రాకెట్ కిట్ పెట్టుకుని తెచ్చాడు. ఇంజిన్లు మాత్రం తేలేదు. వాటిలో ఉండేది తుపాకి మందు, విమానంలో ఏ సామానులోనూ పెట్టనివ్వరు. ఇక్కడ కట్టడం, తిరిగి వెళ్లాక ఎగరేయడం అని ముందే అనుకున్నాం.

ఊరికి వచ్చిన ప్రతిసారీ నాకు ఒకటే టెన్షన్. తాతా మనవడూ మంచం మీద పక్కపక్కన కూర్చుంటారు. "తిన్నవా బిడ్డా?" "తిన్నా తాతా." అంతే, ఇక మాట ఉండదు. నాలుగేళ్లుగా ఆదివారం తెలుగు క్లాసుకు తీసుకెళ్తున్నాను. గుణింతాలు వచ్చు, రెండు పద్యాలు వచ్చు. అయినా తాత పక్కన మూగవాడిలా కూర్చునేవాడు. భాష ఇంకా చాలలేదేమో అనుకునేవాణ్ణి.

డబ్బా విప్పితే మూడు రెక్కల్లో ఒకటి ప్రయాణంలో విరిగి ఉంది. వాడి కళ్లల్లో నీళ్లు. రెక్కలు తీయగా మిగిలిన చెక్క ఉంటే, ఇంకో రెక్కను దాని మీద పెట్టి, పట్టిన చోట పెన్సిల్‌తో గీయబోయాడు. నాయిన ఆపాడు.

"అట్ల కాదు బిడ్డా. కట్టెల గీతలు సూడు. అడ్డం పోతే పుల్ల లెక్క విరుగుతది. గాలిని కోసే అంచు ఎటు వాలిందో, గీతలు గూడ అటే పోవాలె."

కిట్‌లోని కాగితంలోనూ సరిగ్గా అదే ఉంది. నాయినకు ఇంగ్లిష్ చదవడం రాదు. వాడు కాగితం వైపు చూశాడు, తాత వైపు చూశాడు. ఆ చూపు నేను మరచిపోను.

ఆ తర్వాత గొట్టం మీద రెక్కల కోసం మూడు గీతలు గీయాలి. గుండ్రటి దాని మీద స్కేలు నిలవదు. కాగితం పట్టీ చుట్టి మూడు సమానమైన గుర్తులు పెట్టాక నాయిన వాణ్ణి లోపలి దర్వాజ దగ్గరికి తీసుకెళ్లాడు. గొట్టాన్ని చౌకట్టు మూలకు ఆనించి, అంచు వెంట పెన్సిల్ లాగమన్నాడు. దారం పట్టినట్టు వచ్చింది గీత. ఆ దర్వాజ తాతే చేశాడని చెప్తే వాడు దాని మీద చాలాసేపు చెయ్యి పెట్టి నిమిరాడు.

రెక్కకూ గొట్టానికీ ఫెవికాల్ పలుచగా రాసి, కాస్త ఆరనిచ్చి, మళ్లీ రాసి అతికించారు. బాల్సా రంగును పీల్చేస్తుంది కాబట్టి ముందు లప్పం, ఆరాక ఉప్పు కాయితం, మళ్లీ లప్పం. ఇలా మూడుసార్లు. వాడికి ఓపిక అయిపోయి రంగు వేసేద్దాం అన్నాడు. "చెయ్యి పెట్టి సూడు. ఇంకా గరుకున్నది" అన్నాడు నాయిన. చౌకట్టు, లప్పం, ఉప్పు కాయితం. నేనే మరచిపోయిన మాటలు వాడి నోట వింటున్నాను.

తాతకు చెప్పాల్సినవి వాడి దగ్గరా ఉన్నాయి. "ఇంజిన్ పేరు బి6-4 అంటే ఏంది?" అని నాయిన అడిగితే, బి ఇంజిన్ మొత్తం మీద ఇచ్చే నెట్టుడు ఏ కన్నా రెట్టింపు దాకా ఉంటుందనీ, 6 అంటే ఎంత గట్టిగా నెడుతుందో న్యూటన్లలో లెక్క అనీ చెప్పి, 4 దగ్గర ఆగిపోయాడు. డిలే అనడానికి మాట దొరకలేదు. నా వైపు చూశాడు. నేను అందించలేదు.

"మందు అయిపోయినంక నాలుగు సెకన్లు ఆగుతది తాతా. తర్వాత పారాచూట్‌ను బయటికి నూకుతది."

"ఎందుకు ఆగుడు?"

"అప్పటికీ పైకే పోతుంటది కదా!"

బంగారం పని చేసే అవుసలాయన దగ్గర ఇంజిన్ బరువంత ఇసుక, సుమారు 20 గ్రాములు, తూపించుకుని వచ్చారు. ఇంజిన్ ఉండాల్సిన చోట ఆ పొట్లం పెట్టి, రాకెట్ సమతూకంగా నిలిచే చోట దారం కట్టి, స్లాబు మీద వాడు గిరగిరా తిప్పాడు. ముక్కు ముందుకే ఉంటే ఆకాశంలోనూ సూటిగా పోతుంది. ముందుకే ఉంది. నాయనమ్మ కింది నుంచి చూసి చప్పట్లు కొట్టింది.

ఆగస్టులో ఒక శనివారం పొద్దున ఎనిమిదింటికి డాలస్‌లో ఎగరేశాం. అక్కడ సాయంత్రం ఆరున్నర, నాయిన వీడియోలో ఉన్నాడు. పారాచూట్ కాలకుండా కింద మంట అంటుకోని కాగితం కుక్కి, 5 మీటర్లు వెనక్కి జరిగి, వాడు బటన్ నొక్కాడు. సుయ్‌మని పోయింది. "ఏదిరా, కనపడ్తలేదు" అని ఫోన్లో నాయిన. పైన పారాచూట్ విచ్చుకుంది కానీ, గాలికి కొట్టుకుపోయి సిమెంటు రోడ్డు మీద పడింది.

వాడు పరుగెత్తుకెళ్లి తెచ్చి, నా చేతిలోంచి ఫోన్ లాక్కున్నాడు. "తాతా, మనం కోసింది మంచిగనే ఉంది. ఇంకోటి పోయింది."

"విరిగిందా, ఊడిందా?"

"ఊడింది."

"అయితే మొదలు పాత ఫెవికాల్ అంత ఉప్పు కాయితంతోని గీకు..."

నేను లాంచ్ ప్యాడ్ విప్పి కారులో సర్ది వచ్చేసరికి కూడా ఇద్దరూ మాట్లాడుకుంటూనే ఉన్నారు.