మోకాలికని వేసుకున్న మాత్ర

కుడి మోకాలి నొప్పికి డాక్టరు నాకు రాసిచ్చింది ఏడు రోజుల మందు. డైక్లోఫెనాక్ 50 మిల్లీగ్రాములు, రోజుకు రెండుసార్లు, భోజనం తర్వాత. మూడో రోజుకే మెట్లు సులువుగా దిగగలిగాను. వారం గడిచి మందు ఆపగానే నొప్పి తిరగబెట్టింది. పాత చీటీ చూపించి అవే మాత్రలు మళ్లీ కొన్నాను. అలా మూడు నెలలు వాడాను. మధ్యలో తలనొప్పి వస్తే ఐబుప్రోఫెన్ కూడా వేసుకునేవాణ్ణి. పేర్లు వేరు కాబట్టి మందులూ వేరనుకున్నాను. రెండూ ఒకే కోవకు చెందినవి.

మూడో నెలలో నాలుగు మెట్లెక్కితే ఆయాసం వచ్చేది. వయసు ప్రభావం అనుకుని ఊరుకున్నాను. తర్వాత రెండు రోజుల పాటు మలం తారులా నల్లగా, జిగటగా పోయింది. కడుపునొప్పి లేదు, మంట లేదు. మందు పడకపోతే కడుపు ముందే చెబుతుందని నాకు గట్టి నమ్మకం. ఆ నమ్మకంతోనే రెండో రోజు కూడా మాత్ర వేసుకున్నాను. మూడో రోజు ఉదయం లేచి నిలబడబోతే కళ్లు తిరిగి పడిపోయాను.

ఆసుపత్రిలో చూస్తే రక్తంలో హిమోగ్లోబిన్ 6.8కి పడిపోయింది. రెండు సీసాల రక్తం ఎక్కించారు. నోటి గుండా కెమెరా గొట్టం దింపి చూసే ఎండోస్కోపీలో జీర్ణాశయంలో పుండు, దాని నుంచి కారుతున్న రక్తం కనిపించాయి. అక్కడే, ఆ గొట్టం ద్వారానే రక్తస్రావాన్ని ఆపారు.

"ఎప్పుడూ తిన్నాకే వేసుకున్నాను కదండీ" అని అడిగాను. డాక్టరమ్మ ఓపికగా చెప్పారు. వాపునూ నొప్పినీ పెంచే ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలే జీర్ణాశయపు లోపలి పొరను ఆమ్లం నుంచి కాపాడతాయట. మాత్ర రక్తంలో కలిసి ఒళ్లంతా వాటి తయారీని తగ్గిస్తుంది. మోకాలికని వేసుకున్నా కడుపుకు రక్షణ పోతుంది. అన్నం తిని వేసుకుంటే వికారం కాస్త తగ్గవచ్చు గానీ పుండు పడకుండా ఆగదు. ఇంజెక్షన్‌గా తీసుకున్నా అంతే.

నన్ను ఎక్కువగా భయపెట్టింది, కిడ్నీల పని తగ్గితే రక్తంలో పెరిగే క్రియాటినిన్: 1.9. ఏడాది కిందట 1.0 ఉండేది. కిడ్నీలకు రక్తం సరిగా అందడానికీ ఆ ప్రోస్టాగ్లాండిన్లే కావాలి. నేను రక్తపోటుకు టెల్మిసార్టాన్, దానితోపాటు మూత్రం ఎక్కువగా పోయే మాత్ర వాడుతున్నాను. వాటికి నొప్పి మాత్ర తోడైతే కిడ్నీలకు మూడు వైపుల నుంచీ దెబ్బ. మోకాలికి మందు రాసిన డాక్టరు నా రక్తపోటు మందుల గురించి అడగలేదు, నేనూ చెప్పలేదు. ఆ రెండు నిమిషాల మాట జరగనందుకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

నొప్పి మాత్రలన్నీ ఆపించి ఎనిమిది వారాలు కడుపులో ఆమ్లాన్ని తగ్గించే పాంటోప్రజోల్ ఇచ్చారు. పుళ్లకు మరో ముఖ్య కారణమైన హెలికోబాక్టర్ పైలోరీ బ్యాక్టీరియా కోసం పరీక్ష చేశారు. లేదని వచ్చినా, రక్తస్రావం జరుగుతున్నప్పుడు ఆ ఫలితాన్ని పూర్తిగా నమ్మలేమని తర్వాత మళ్లీ చేశారు. అప్పుడూ లేదు. మూడు వారాలకు క్రియాటినిన్ 1.1కి దిగింది. పుండు మానిందని రెండో ఎండోస్కోపీ చూశాకే నాకు కంటినిండా నిద్ర పట్టింది.

మోకాలు ఇంకా నొప్పి పెడుతూనే ఉంది. తొడ కండరాలకు రోజూ ఇరవై నిమిషాలు వ్యాయామం చేస్తున్నాను. మరీ ఎక్కువైతే డాక్టరు చెప్పిన మోతాదులో పారాసిటమాల్. మోకాలి మీద రాసుకునే నొప్పి మందు పైపూత జెల్ నుంచి రక్తంలోకి చేరే మందు చాలా తక్కువే అయినా, కిడ్నీ డాక్టరును అడిగాకే దాన్ని మొదలుపెట్టాను.

వాడే మందులన్నీ, కడుపులో రక్తస్రావమైన సంగతీ రాసిన కాగితం ఇప్పుడు నా జేబులో ఉంటుంది. గత నెల జలుబు, ఒళ్లునొప్పులతో ఒక కొత్త డాక్టరు దగ్గరికి వెళ్లి, ఆయన మందులు రాస్తుండగా దాన్ని బల్ల మీద పెట్టాను. ఆయన చదివి, తాను రాసిన రెండో మందును కొట్టేశారు. అందులో ఐబుప్రోఫెన్ ఉందట.