దొంగమెట్టల పాఠం

మా బైబిలు పాఠశాలలో కొత్త నిబంధన తరగతి మధ్యాహ్న భోజనాల తరువాత ఉండేది కాబట్టి, సగం మందిమి కునికిపాట్లు పడుతూనే కూర్చునేవాళ్లం. అబద్ధ బోధకుల గురించి హెచ్చరిస్తూ యూదా అనే ఆయన రాసిన చిన్న ఉత్తరం, 25 వచనాలే ఉన్న యూదా పత్రికకు నెల రోజులు ఎందుకో మాకు మొదట అర్థం కాలేదు. అబద్ధ బోధకులు అనగానే మాకు గుర్తొచ్చేవి, మిలేతులో ఎఫెసు సంఘపు పెద్దలకు వీడ్కోలు చెబుతూ పౌలు ప్రస్తావించిన క్రూరమైన తోడేళ్లు. అయ్యగారు మాత్రం 12వ వచనంలోని దొంగమెట్టల దగ్గర ఆగిపోయారు.

గ్రీకులో ఆ మాట ‘స్పిలాదెస్’. నీటిలో మునిగి ఉండి పడవ అడుగును చీల్చే రాళ్లని ఒక అర్థం, మరకలని మరొక అర్థం. రెండో పేతురు 2:13లో దాన్ని పోలిన ‘స్పిలోయ్’ ఉందనీ, అక్కడ మన తెలుగు బైబిలు ‘కళంకములు’ అన్నదనీ బోర్డు మీద పక్కపక్కన రాసి, మరకా మెట్టా మమ్మల్నే తేల్చమన్నారు. మత్స్యకారుల ఇంటి నుంచి వచ్చిన మా మిత్రుడొకడు లేచి, “పోటు మీద మెట్ట కనబడదండీ, పడవకు తగిలాకే తెలుస్తుంది” అన్నాడు. “మరి యూదా దాన్ని ఎక్కడ చూశాడు?” అని అయ్యగారు అడిగితే, వచనం మళ్లీ చదివి ప్రేమవిందులో, అంటే సంఘమంతా కలిసి తినే భోజనంలో అని చెప్పాం. సహపంక్తిలో కూర్చుని అన్నం తింటున్న మనిషి గురించి ఆ హెచ్చరిక అని అప్పుడు తెలిసింది.

ఆనాటి సంఘాలు ఇళ్లలోనే కూడుకునేవి. ఊరూరా తిరిగే బోధకులకు తిండీ పడకా ఆ ఇళ్లవారే చూసేవారు. 1873లో కాన్‌స్టాంటినోపుల్‌లో ఫిలోథెయోస్ బ్రయెన్నియోస్ కనుగొన్న తొలి క్రైస్తవుల నియమాల పుస్తకం ‘డిడాఖే’ ప్రకారం, వచ్చిన అపొస్తలుడు మూడు రోజులు ఉండిపోయినా, వెళ్లేటప్పుడు రొట్టెతో సరిపెట్టుకోక డబ్బు అడిగినా అబద్ధ ప్రవక్తే. (ఈ కొలబద్దను నేటి సభలకు తెస్తే వేదిక మీద ఎందరు మిగులుతారో!) క్రీస్తు శరీరధారియై వచ్చాడని ఒప్పుకోనివాణ్ని ఇంట చేర్చుకోవద్దని యోహాను రెండో పత్రిక చెబుతుంది. అయితే మూడో పత్రికలో నింద పడింది తలుపు మూసినవాడి మీదే: దియొత్రెఫే సహోదరులను చేర్చుకోడు, చేర్చుకునేవారిని సంఘం నుంచి వెలివేస్తాడు. ఈ రెండు పత్రికలనూ విడివిడిగా బోధించకూడదని అయ్యగారి పట్టుదల.

యూదా ఎదిరించిన బోధకులెవరన్న పరీక్ష ప్రశ్నకు నేను, రహస్య జ్ఞానం వల్లే రక్షణ అన్న జ్ఞానవాదుల మీద మూడు పేజీలు నింపి, వారిలో రెండో శతాబ్దపు బోధకుడైన వాలెంటీనస్‌ను సైతం లాక్కొచ్చాను. 20కి 4 వచ్చాయి. “యూదా చెప్పని పేర్లు నీకెవరు చెప్పారు?” అని మార్జిన్‌లో ఎర్ర సిరాతో రాసి, మళ్లీ రాసి తెమ్మన్నారు. ఈసారి పత్రికను మాత్రమే ముందు పెట్టుకుని, కృపను కామాతురత్వానికి వాడుకునేవారు, సణిగేవారు, లాభం కోసం మనుషులను పొగిడేవారు, తమ పొట్టలే నింపుకునేవారు అని రాసుకుంటూ పోతే అరపేజీ కూడా రాలేదు. దానికి 14 వేశారు.