పల్లీ మంట, 14వ ప్రయత్నం: 0.43 కిలోక్యాలరీలు ఇంకా దొరకలేదు

పల్లీ గింజను నీళ్ల డబ్బా కింద కాల్చి, నీళ్లు ఎంత వేడెక్కాయో చూసి అందులోని శక్తిని లెక్కగడుతున్నాను. ఈసారి పట్టేశాననే అనుకున్నాను. లెక్క చివర, కాలిన గ్రాముకు 5.47 కిలోక్యాలరీలు వచ్చింది. ప్యాకెట్ల మీద పల్లీలకు వేసేది 5.67 దరిదాపు. ఎగిరి గంతేశాను. పది నిమిషాల తర్వాత తట్టింది, నేను పోల్చాల్సిన అంకె అది కానే కాదని.

ప్యాకెట్ మీదిది ఒంటికి అందే శక్తి. మంటలో వచ్చేది వేరు. ప్రోటీన్ పూర్తిగా కాలితే గ్రాముకు 5.65 ఇస్తుంది, ఒంటి లెక్కలో 4 మాత్రమే. కొంత యూరియాతో మూత్రంలో పోతుంది, కొంత అరగకుండానే బయటికి పోతుంది. 19వ శతాబ్దం చివర్లో అమెరికా శాస్త్రవేత్త అట్‌వాటర్ ఈ నష్టాలు తీసేశాకే తన లెక్కలు కట్టాడు. కొవ్వుకు 9.4, ప్రోటీన్‌కు 5.65, పిండిపదార్థానికి 4.15 వేస్తే పల్లీ మంట 6.7 ఇవ్వాలి. నాకు దాదాపు ఐదో వంతు తక్కువ వస్తోంది. శక్తి ఎక్కడికీ మాయం కాదు కాబట్టి అది ఎక్కడో ఉండాలి. అదే నిద్ర పట్టనివ్వడం లేదు.

గింజ 0.62 గ్రాములు, మిగిలిన బొగ్గు 0.07. నీళ్లు 100 గ్రాములు, 26.8 నుంచి 43.1 డిగ్రీలకు చేరాయి. అల్యూమినియం డబ్బా 32 గ్రాములు, అంటే వేడి పీల్చడంలో 7 గ్రాముల నీటితో సమానం. మొత్తం 1.74 కిలోక్యాలరీలు. ఇదే డబ్బా కింద 0.40 గ్రాముల ఇథనాల్ కాలిస్తే, రావాల్సిన దానిలో 58 శాతమే నీటికి చేరింది. ఆ నిష్పత్తితో సరిచేస్తే 3.01. గింజలో ఉండాల్సింది 4.15. బొగ్గంతా కార్బనే అనుకుంటే అందులో 0.55 ఉండిపోయింది. డబ్బా అడుగున అంటిన మసి 0.02 గ్రాములు, అది 0.16. ఇంకా 0.43 తేలలేదు.

పొగతో పోయిందా? అలాగైతే 0.055 గ్రాముల మసి ఎగిరిపోవాలి. చిమ్నీ లోపల తుడిస్తే దూది బరువు 0.01 కూడా పెరగలేదు. నా అనుమానం మంట రంగు మీదే. ఇథనాల్‌ది నీలి మంట, పల్లీది మసితో నిండిన పసుపు మంట. పసుపు మంట పక్కలకు ఎక్కువ వేడి వెదజల్లుతుంది. అలాంటప్పుడు ఆ 58 శాతం దీనికి వర్తించదు.

నీళ్లను కలియబెట్టకపోవడం వల్ల వచ్చే తేడా 11వ ప్రయత్నంలోనే పోయింది. గాజు థర్మామీటర్ పక్కన పెట్టేశాను, డీఎస్18బీ20 అనే డిజిటల్ ఉష్ణోగ్రత సెన్సర్ ముందు అది దండగ. ఒక గ్రాము మెట్టుతో చూపించే వంటింటి త్రాసుతో ఈ పని పెట్టుకోవద్దు.

తర్వాత నూనె వత్తి వెలిగిస్తాను. అదీ పసుపు మంటే, శక్తి గ్రాముకు 9.4 అని తెలుసు. దాంతో 58 కాస్తా 50కి దిగితే నా అనుమానం నిజమే. ఆ తర్వాత 1780ల్లో ఫ్రెంచ్ శాస్త్రవేత్తలు లావోయిజియే, లాప్లాస్ గినీ పందితో చేసినట్టు, కరిగిన మంచును బట్టి వేడిని కొలిచే మంచు పెట్టె కడతాను. గ్రాము మంచు కరగడానికి 80 క్యాలరీలు కావాలి, కాబట్టి ఒక్క పల్లీకి దాదాపు 40 గ్రాముల నీళ్లు కారాలి. పెట్టెకు రెండు గోడలు కావాలి. ఆ రెండు గోడల మధ్యలోనూ మంచే నింపాలి, లేకపోతే గది వేడికి కరిగిన నీళ్లూ లెక్కలో చేరతాయి. కొలతలు ఈ రాత్రే గీస్తున్నాను.