టైర్-2 గట్టెక్కాలంటే ముందు కళ్లు నిలవాలి

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పెట్టే సీజీఎల్ పరీక్ష తుది జాబితాలో నా నంబరు ఉంది! నిన్నటి నుంచి ఫోను ఆగడం లేదు. తిరుపతి గదుల్లో ఉండి చదువుతున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఏ పుస్తకాలు చదివానని అడుగుతున్నారు. అవన్నీ మీ బల్లల మీద ఉన్నవే. ఎవరూ అడగని కళ్ల సంగతి చెబుతాను.

గత ప్రయత్నంలో మొదటి దశ పరీక్ష టైర్-1 సులభంగానే దాటాను. రెండో దశ టైర్-2లో గణితం, రీజనింగ్ ఉన్న మొదటి గంట బాగా గడిచింది. ఇంగ్లిష్ ప్యాసేజీకి వచ్చేసరికి అక్షరాలు అలికినట్టయ్యాయి. చదివిన వాక్యాన్నే మళ్లీ చదివాను. కనుబొమల పైన బరువు, కళ్లలో ఇసుక పడ్డట్టు మంట. తెలిసిన జవాబులే చేజారి, కటాఫ్‌కు కాస్త దూరంలో ఆగిపోయాను. "ఎప్పుడూ ఫోను చూస్తే అంతే" అన్నారు బంధువులు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. క్లాసులు యూట్యూబ్‌లో, కరెంట్ అఫైర్స్ పీడీఎఫ్‌లలో, మాక్ టెస్టులు ల్యాప్‌టాప్‌లో, చివరికి పరీక్ష కూడా కంప్యూటర్ మీదే. తెర చూడకుండా ఎలా చదవాలి?

నా దారి మారింది కంటి డాక్టరు గారి దగ్గరే. దూరపు బోర్డును చివరి వరుస దాకా తడబడకుండా చదివాను. అయినా ఆవిడ చుక్కల మందు వేసి మళ్లీ పరీక్షిస్తే కొద్దిగా ప్లస్ పవరు (దగ్గరివి చూడటానికి కన్ను ఎక్కువ శ్రమపడే లోపం), కొంచెం సిలిండర్ (కంటి వంపు సమంగా లేకపోవడం) బయటపడ్డాయి. చిన్న వయసులో కంటిలోని కండరం బిగుసుకుని ప్లస్ లోపాన్ని కప్పేస్తుందట, అందుకే దూరం చూసినప్పుడు తేడా తెలియదు. గంటల తరబడి దగ్గరి అక్షరాలు చూస్తే ఆ కండరమే అలసిపోతుంది. అద్దాలు పెట్టుకున్నాక తలనొప్పి క్రమంగా తగ్గింది, మాక్ టెస్టుల చివరి భాగంలో మార్కులు పెరిగాయి. తలనొప్పి మాత్రలు మింగుతూ చదువుతున్నవారు దయచేసి ముందు ఈ పరీక్ష చేయించుకోండి.

తర్వాత రెప్పలు. మామూలుగా నిమిషానికి 15 సార్ల వరకు ఆడే రెప్ప, తెర ముందు 5 నుంచి 7 సార్లకు పడిపోతుంది. కన్నీటి పొర ఆరిపోయి మంట పుడుతుంది. మన ఎండాకాలంలో ఫ్యాను గాలి నేరుగా ముఖానికి తగిలితే మరీ కష్టం. ప్రశ్న సేవ్ చేసిన ప్రతిసారీ రెప్పలు పూర్తిగా మూసి తెరవడం మాక్ టెస్టుల్లోనే అలవాటు చేసుకున్నాను. అసలు పరీక్షలో అది తనంతట తానే జరిగింది.

20-20-20 సూత్రం అందరూ విన్నదే: ప్రతి 20 నిమిషాలకు ఒకసారి, 20 అడుగుల అవతల ఉన్నదాన్ని, 20 సెకన్లు చూడాలి. తిరుపతిలో మేడ ఎక్కితే చాలు, ఎదురుగా శేషాచలం కొండలు. అటు చూస్తూ నిలబడితే కాలం వృథా చేస్తున్నానని గదిలోవాళ్లు అన్నారు. కాదు, అదీ చదువులో భాగమే. గంటల లెక్క గొప్ప కోసం కుర్చీకి అతుక్కుపోవడాన్ని క్రమశిక్షణ అనకండి. టైము కాగానే లేవడానికి అంతకంటే పట్టుదల కావాలి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. తెర చేయి చాచినంత దూరంలో, పై అంచు కంటి మట్టానికి మించకుండా ఉండాలి. అక్షరాలు పెద్దవి చేసుకోండి. దీపం ఆర్పేసి చీకట్లో చదవకండి. నీలి కాంతిని ఆపే అద్దాలకు డబ్బు పోయవద్దు. 2023లో వచ్చిన కాక్రేన్ సమీక్షలో (వైద్య అధ్యయనాలను కలిపి బేరీజు వేసే నివేదిక), స్వల్పకాలంలో కంటి శ్రమ తగ్గించడంలో మామూలు అద్దాలకూ వాటికీ తేడా కనిపించలేదు. ఎరుపు తగ్గించే చుక్కలు సొంతంగా కొని వాడకండి. తడినిచ్చే చుక్కలైనా డాక్టరును అడిగే వేసుకోండి.

పరీక్ష హాలులో కిటికీ వెలుతురు తెర మీద మెరుస్తుంటే, టైమర్ మొదలవ్వకముందే ఇన్విజిలేటర్‌కు చెప్పండి.